కథలు రాసేవాళ్లకు: మొదట్లో నమ్మినవాట్లో ఇప్పుడు ఏం మిగిలినాయి?

గుత్తి పాసింజరు (అనంతపురం):
అన్నా అక్కా నమస్తే, పన్నెండేండ్లుగా కథలు రాస్తాండా. మొదట్లో కథంటే చివర్లో ఠక్కుమని మెలిక ఉండాల అనుకుంటాంటి, ఆ చివరి లైను దొరికేదాకా మొదటి లైనే రాసేవాణ్ణి కాదు, ఇప్పుడేమో ముగింపు తెలిసిపోతే ఇంక రాయబుద్ధి కాదు. మొన్న పాత ఫైలు తీసి చదివితే సిగ్గేసె. కరువు కథ, మొదటి పేరా అంతా భూమి నోరు తెరిచింది, ఆకాశం కన్ను మూసింది, ఇవే. మా నాయిన యాడా లేడు. మీకూ ఇట్లా మారిందా, లేక నాకు బద్ధకం ముదిరి దానికి అనుభవం అని పేరు పెట్టుకుంటాండానా?

బుడ్డలచేను (పత్తికొండ దిక్కు):
నవ్వొచ్చె అన్నా, భూమి నోరు నేనూ తెరిపించినా. మాది బుడ్డల సేద్యమే, అదే వేరుశనగ, అయినా పేపర్లో చదివిన కరువే రాస్తాంటి. కాయ పట్టేదానికి ఊడలు మన్నులోకి దిగే టయానికి వాన రాక, తర్వాతెప్పుడో పడితే చెట్టు పచ్చగానే ఉంటాది, రోడ్డు మీద పోయేవాడు పంట బాగుందే అనుకుంటాడు. మా నాయిన ఒక చెట్టు పీకి, మన్ను దులిపి, ఉన్న రెండు కాయల్లో ఒకటి వేళ్లతో నొక్కి చూసి, ఏమీ అనకుండా ఎనుముకేసె. కండ్లారా చూసినదే, కథలోకి రానీకి ఎనిమిదేండ్లు పట్టె. అది సాహిత్యం మాదిరి అనిపించల్యా మరి.

పెన్నగట్టు (కడప జిల్లా):
నాకు మారింది యాస. మొదట్లో ప్రతి మాటా వంకర చేసి రాస్తి, మా అమ్మకు చదివితే "ఎవురురా ఇట్లా మాట్లాడేది" అనె. తర్వాత కడపలో బ్రౌన్ లైబ్రరీలో కూచోని కేతు విశ్వనాథరెడ్డి సారు కథలు వరసగా చదివినా, 1996లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది కథలకే గదా, ఆయన యాడా గొంతు పెంచడు. ఇప్పుడు మాటను వంచను, వాక్యం ఎట్ల తిరుగుతాదో చూస్తా. "నేను వచ్చాను" కాదు, "నేనొస్తి". ఆ ఒక్కటి పడితే మిగతాది అదే వస్తాది.

సంగటిముద్ద (కర్నూలు):
అందరూ ఒకే పాట పాడతాండారే. ముగింపు తెలీకుండా రాయబట్టే నా కంప్యూటర్లో 17 సగం కథలు పడుండాయప్పా. మెలిక వద్దు సరే, యాడికి పోతాండామో తెలీకుంటే ఎట్లా?

గుత్తి పాసింజరు:
ఆ పదిహేడులో ఒకటి నాకు పంపన్నా, చూస్తా. నేనైతే రాత్రి మా నాయిన్ను మొదటి పేరాలోకి తెచ్చినా, గట్టు మీద కూచున్నాడు, ఇంకా నోరు తెరవల్యా.