సన్‌ఫిల్మ్ వేయించాక రేడియో గరగరమంటోంది: ఫిల్మ్ వల్లేనా?

అడిగిన సభ్యుడు:
అందరికీ నమస్కారం. పోయిన వారం కారుకి నాలుగు డోర్లకీ, వెనక అద్దానికీ సన్‌ఫిల్మ్ వేయించాను. ఎండ వేడి బాగా తగ్గింది, అందులో వంక పెట్టను. కానీ తిరిగొస్తూ ఎఫ్‌ఎం పెడితే ఒకటే గరగర. ఇదివరకు ఆటో సెర్చ్ నొక్కితే 11 స్టేషన్లు దొరికేవి, ఇప్పుడు మూడే దొరుకుతున్నాయి. ఏఎంలో అయితే హోరు తప్ప ఇంకేమీ లేదు. ఫిల్మ్ వేసినతన్ని అడిగితే "ఫిల్మ్‌కీ రేడియోకీ ఏం సంబంధం సార్, సెట్టే పోయుంటుంది" అన్నాడు. నిజంగా సంబంధం ఉందా? ఉంటే మొత్తం పీకించేయాలా? వేసి వారం కూడా కాలేదు, అదీ నా టెన్షన్.

రేడియో తెలిసిన సభ్యుడు:
ముందు ఒక్కటి చెప్పండి. మీ కారుకి రేడియో యాంటెన్నా ఎక్కడుంది? టాప్ మీదో, బానెట్ పక్కనో పుల్లలా బయటికి ఉంటే, అద్దాలకి ఏ ఫిల్మ్ వేసినా ఎఫ్‌ఎంకి ఏమీ కాదు. సిగ్నల్‌కి అద్దంతో పనే లేదు కదా. వెనక అద్దంలోనే సన్నని గీతల్లా ముద్రించి ఉంటే మాత్రం ఫిల్మ్‌ని అనుమానించాల్సిందే.

టాప్ మీద షార్క్ ఫిన్ (సొరచేప రెక్కలా ఉండే చిన్న యాంటెన్నా డబ్బా) ఉందని నిశ్చింతగా ఉండకండి. కొన్ని కార్లలో ఆ ఫిన్‌లో జీపీఎస్, ఫోన్ నెట్‌వర్క్ యాంటెన్నాలే ఉంటాయి, రేడియోది అద్దంలో ఉంటుంది. వెనక అద్దాన్ని దగ్గరగా చూడండి. మంచు తుడిచే డీఫాగర్ గీతలు వరసగా అడ్డంగా ఉంటాయి. వాటికి పైనో కిందో ఆ వరసలో కలవని, వంకర తిరిగిన గీతలు ఒకటి రెండు కనిపిస్తే అవే యాంటెన్నా. కొన్ని కార్లలో డీఫాగర్ గీతలే యాంటెన్నా పని కూడా చేస్తాయి.

అడిగిన సభ్యుడు:
చూశాను. బయట పుల్ల లేదు. వెనక అద్దం పైభాగంలో విడిగా రెండు గీతలున్నాయి, ఓ చివర చిన్న వైరు తగిలించి ఉంది. అంటే అదేనా?

రేడియో తెలిసిన సభ్యుడు:
అదే. ఇక ఫిల్మ్ సంగతి. ఫిల్ములన్నీ ఒక రకం కావు. రంగు అద్దినవి ఉంటాయి, కార్బన్‌వి ఉంటాయి, సెరామిక్‌వి ఉంటాయి. వీటిలో కరెంటు పారే పొర ఉండదు కాబట్టి రేడియో తరంగాలకి అడ్డు రావు. మెటలైజ్డ్ ఫిల్మ్ దారి వేరు. ప్లాస్టిక్ పొర మీద అల్యూమినియం లాంటి లోహాన్ని అతి పల్చగా పూసి ఉంటారు. వేడిని బయటికి తిప్పికొట్టేది ఆ లోహమే. రేడియో తరంగాల్ని తిప్పికొట్టేదీ అదే.

"అంత పల్చటి పూత ఏం ఆపుతుంది" అనిపిస్తుంది. నాకూ ఒకప్పుడు అలాగే అనిపించేది. ఇక్కడ మందం కంటే పూతలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందన్నదే ముఖ్యం. చదరానికి 10 ఓమ్‌ల నిరోధం ఉన్న, అంటే కరెంటు తేలిగ్గా పారే పూత తరంగానికి పూర్తిగా అడ్డంగా ఉందనుకోండి, లెక్క ప్రకారం అవతలికి చేరే శక్తి దాదాపు 400వ వంతు. కారులో అంత కచ్చితంగా జరగదు, సందుల్లోంచి, వేరే అద్దాల్లోంచి కొంత లోపలికి వస్తుంది. కానీ మీ విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఫిల్మ్‌ని అద్దం లోపలివైపు అతికిస్తారు. యాంటెన్నా గీతలు ఉన్నదీ ఆ వైపే. అంటే లోహపు పొర యాంటెన్నా మీదే పడుకున్నట్టు లెక్క. రెండింటికీ మధ్య జిగురు, సన్నని ప్లాస్టిక్ తప్ప ఏమీ లేదు. అలా ఉంటే యాంటెన్నా శ్రుతి తప్పుతుంది.

ఏఎం ముందే చావడానికీ ఇదే కారణం కావచ్చు. ఎఫ్‌ఎం తరంగం పొడవు సుమారు 3 మీటర్లు. ఏఎం మీడియం వేవ్‌ది వందల మీటర్లు. దానికి మీ అద్దం మీది గీత ఓ చిన్న ముక్క మాత్రమే, అది పట్టుకునేదే చాలా తక్కువ. పక్కనే లోహపు పొర ఉంటే ఆ కాస్తా అందులోకి జారిపోతుంది.

మరో సభ్యురాలు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాకూ అచ్చం ఇదే జరిగింది, కానీ మా కారుకి టాప్ మీద పుల్ల యాంటెన్నా. ఫిల్మ్ వేయించిన రోజు నుంచే ఎఫ్‌ఎంలో గుయ్ మని శబ్దం. మాది కూడా ఫిల్మ్ వల్లేనా?

కారు ఎలక్ట్రికల్ పని చేసే సభ్యుడు:
అమ్మా, ఆ రోజే ఇంకేదైనా పెట్టించారా? డ్యాష్‌క్యామ్, యూఎస్‌బీ చార్జర్, ఎల్‌ఈడీ బల్బులు?

మరో సభ్యురాలు:
అవును! డ్యాష్‌క్యామ్ పెట్టారు.

కారు ఎలక్ట్రికల్ పని చేసే సభ్యుడు:
అయితే ఫిల్మ్‌ని వదిలేయండి. బండి ఆపి, రేడియో పెట్టి, డ్యాష్‌క్యామ్ వైరు పీకండి. శబ్దం ఆగితే దొంగ దొరికినట్టే. దాని చార్జర్ లోపల కరెంటుని సెకనుకి వేల సార్లు, ఒక్కోసారి లక్షల సార్లు ఆన్ ఆఫ్ చేస్తూ 12 వోల్టుల్ని 5 వోల్టులకి దించే సర్క్యూట్ ఉంటుంది. చవకరకమైతే ఆ రొద రేడియోలోకి ఎక్కుతుంది. చార్జర్ మార్చండి, ఆ వైరుని యాంటెన్నా వైరుకి దూరంగా నడపండి, వైరుకి ఫెరైట్ క్లిప్ (ఆ రొదని అణిచే చిన్న బిగింపు) తగిలించండి.

ఇక మొదట అడిగిన అన్నకి. ఫిల్మ్ మెటల్‌దే అయినా, తప్పంతా దానిదే అని అప్పుడే అనుకోకండి. వెనక అద్దానికి ఫిల్మ్ వేసేటప్పుడు పక్క ట్రిమ్ (అంచున ఉండే ప్లాస్టిక్ పట్టీ) ఊడదీస్తారు, సబ్బునీళ్లు ధారాళంగా కొడతారు, పాత జిగురు ఉంటే బ్లేడుతో గీకుతారు. ఈ మూడింటిలో దేనివల్లయినా రేడియో పోవచ్చు. ట్రిమ్ వెనకాల యాంటెన్నాకి సిగ్నల్‌ని పెంచే చిన్న ఆంప్లిఫయర్ ఉంటుంది. దాని కనెక్టర్ పీకి మళ్లీ సరిగా నొక్కకపోయినా, లోపలికి నీళ్లు దిగినా మీరు చెప్పిన లక్షణాలే వస్తాయి. బ్లేడు తగిలి గీత తెగితే సరేసరి.

తేడా తెలుసుకోవడానికి నేను చేసేది ఇది. బాగా పలికే స్టేషన్ ఒకటి పెట్టి, సెట్ వెనక యాంటెన్నా ప్లగ్ పీకుతాను. పీకినా, పెట్టినా ఒకేలా వినిపిస్తే యాంటెన్నా నుంచి సెట్‌కి ఏమీ రావడం లేదని అర్థం. అది కనెక్టరో, ఆంప్లిఫయరో, తెగిన గీతో. పీకితే బాగా తగ్గి, పెడితే కాస్త పెరిగితే దారి బాగానే ఉంది, వచ్చే సిగ్నలే తక్కువ. అప్పుడు ఫిల్మ్‌ని అనండి.

ఇంకొకటి. కంపెనీ సెట్ తీసి బయట సెట్ పెట్టించుకున్న కార్లలో ఈ ఆంప్లిఫయర్‌కి కరెంటు అందక ఎఫ్‌ఎం బలహీనంగా ఉన్నవి చాలా చూశాను. అలాంటి కారుకి ఫిల్మ్ పడితే అసలే అంతంతమాత్రంగా ఉన్నది కాస్తా కూర్చుంటుంది.

అడిగిన సభ్యుడు:
సెట్ కంపెనీదే. ప్లగ్ పరీక్ష రేపు చేస్తాను. మరి ఫిల్మ్ మెటల్‌దో కాదో ఎలా తెలుస్తుంది? బిల్లు మీద "ప్రీమియం" అని తప్ప ఏమీ లేదు. చూడ్డానికి మరీ అద్దంలా మెరవడం లేదు. మల్టీమీటర్ పుల్లలు ఫిల్మ్ మీద ఆనించి చూస్తే ఏమీ చూపించలేదు. అంటే మెటల్ కాదనేనా?

ఫిల్మ్ వేసే పని తెలిసిన సభ్యుడు:
కాదు సార్, ఆ పరీక్ష పనికిరాదు. మెటల్ పూత రెండు ప్లాస్టిక్ పొరల మధ్య ఉంటుంది, పైన గీతలు పడకుండా ఇంకో గట్టి పూత. మీటర్ పుల్లలు మెటల్ దాకా వెళ్లవు.

నల్లగా ఉందా, లేతగా ఉందా అన్నదీ చూడొద్దు. మనవాళ్లు చాలామంది "ఎంత నలుపైతే అంత అడ్డం" అనుకుంటారు. కటిక నలుపు రంగు ఫిల్మ్ రేడియోని ముట్టుకోదు. చూడ్డానికి తెల్లగా, తేటగా ఉండే మెటల్ ఫిల్మ్ ముంచేస్తుంది. రంగూ మెటలూ కలిపిన ఫిల్ములు కూడా ఉన్నాయి, అవి అద్దంలా మెరవవు.

మిగిలిన ముక్క అడిగి తెచ్చుకోండి. కారు రిమోట్‌ని అందులో రెండు మడతలుగా, సందు లేకుండా చుట్టండి. రోజూ పనిచేసే దూరంలో నిలబడి నొక్కండి. తర్వాత అంతే మందంగా మామూలు ప్లాస్టిక్ కవర్ చుట్టి ఓసారి, వంటింటి అల్యూమినియం ఫాయిల్ చుట్టి ఓసారి నొక్కండి. మీ ఫిల్మ్ కవర్‌లా ప్రవర్తిస్తే మెటల్ లేదు, ఫాయిల్‌లా ప్రవర్తిస్తే ఉంది. ముక్కని మైక్రోవేవ్ ఓవెన్‌లో పెట్టి మెరుపులొస్తాయేమో చూడమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, ఓవెన్ పాడవుతుంది.

అడిగిన సభ్యుడు:
రెండు పరీక్షలూ అయ్యాయి, కథ మలుపు తిరిగింది. ముందు ప్లగ్. పీకినా పెట్టినా ఒకటే గరగర! దాంతో వెనక ట్రిమ్ ఊడదీయించాను. ఆంప్లిఫయర్ కనెక్టర్ సగమే దిగి ఉంది. గట్టిగా నొక్కితే టిక్ మని కూర్చుంది. వెంటనే స్టేషన్లు 3 నుంచి 7కి పెరిగాయి. ఇక అయిపోయిందనుకున్నా. కానీ దూరపు స్టేషన్లు రావడం లేదు, ఏఎంలో ఇంకా హోరే. తర్వాత రిమోట్ పరీక్ష. ఫిల్మ్ చుట్టి నొక్కితే కారు పక్కన నిలబడినా పలకలేదు, ఫాయిల్‌లాగే. అంటే మెటలే.

రేడియో తెలిసిన సభ్యుడు:
రెండు తప్పులు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. ఫిల్మ్ వేసినవాడి మీద కోపంతో ముందే ఫిల్మ్ పీకించి ఉంటే కనెక్టర్ అలాగే ఉండేది, "పీకించినా బాగవలేదు" అని మళ్లీ ఇక్కడికే వచ్చేవారు.

ఇప్పుడు మిగిలింది ఫిల్మ్ వాటా. ఏఎం వినరు, దగ్గరి స్టేషన్లు చాలు అనుకుంటే ఇక్కడితో ఆపేయొచ్చు. కావాలంటే వెనక అద్దం ఫిల్మ్ ఒక్కటీ తీయించి సెరామిక్‌ది వేయించండి. డోర్లవి ఉంచుకోవచ్చు, మీ యాంటెన్నా అక్కడ లేదు. డోర్ల ఫిల్మ్ వల్ల రిమోట్ పనిచేసే దూరం కొంచెం తగ్గొచ్చు. డ్యాష్‌బోర్డ్ మీది ఫోన్ జీపీఎస్‌కి ముందు అద్దం తెరిచే ఉంది కాబట్టి ఇబ్బంది ఉండదు.

అడిగిన సభ్యుడు:
గీతలున్న చోట మాత్రం ఫిల్మ్ కోసి తీసేస్తే?

ఫిల్మ్ వేసే పని తెలిసిన సభ్యుడు:
వద్దు సార్. అక్కడ కోయాలంటే గీతల పక్కనే బ్లేడు నడవాలి, గీత తెగుతుంది. చూడ్డానికీ చిరిగినట్టుంటుంది. తీస్తే మొత్తం తీయండి, తొందరపడకుండా. ముందు ఆవిరితోనో హీట్ గన్‌తోనో మెల్లగా వెచ్చబెట్టి జిగురు మెత్తబడనివ్వాలి. ఫిల్మ్‌ని అద్దానికి దాదాపు ఆనించి, గీతలు నడిచే దిశలోనే, అంటే అడ్డంగా లాగాలి. నిలువుగా గుంజితే గీతలు దానితో పాటే లేచొస్తాయి. మిగిలిన జిగురుని సబ్బునీళ్లతో నానబెట్టి గుడ్డతో రుద్దాలి. వెనక అద్దం దగ్గరికి బ్లేడు రానివ్వకండి. పనివాడు "ఏం కాదు సార్, నేను చూసుకుంటా" అంటే ఇంకో చోటు చూసుకోండి.

కారు ఎలక్ట్రికల్ పని చేసే సభ్యుడు:
తీసిన వెంటనే కొత్తది వేయించకండి. మధ్యలో ఒకసారి రేడియో పెట్టి స్టేషన్లు లెక్కపెట్టండి. మళ్లీ వేశాక ఇంకోసారి. బండిని ఒకే చోట ఆపి చూస్తేనే ఆ అంకెలకి విలువ, చోటు మారితే లెక్క మారుతుంది.

అడిగిన సభ్యుడు:
నిన్న తీయించాను. రెండు గంటలు పట్టింది, పక్కనే కూర్చున్నాను. ఫిల్మ్ లేకుండా 10 స్టేషన్లు, ఏఎం కూడా పలికింది. సెరామిక్‌ది వేశాక కూడా 10. ఒక్క చిన్న నష్టం: కింది డీఫాగర్ గీత ఒకటి లేచిపోయినట్టుంది. అద్దానికి ఆవిరి పట్టినప్పుడు డీఫాగర్ వేస్తే అన్ని గీతల దగ్గరా తుడుచుకుంటోంది, ఆ ఒక్కచోట మాత్రం చార మిగిలిపోతోంది. యాంటెన్నా గీతలు బాగానే ఉన్నాయి. వెండి కలిసిన పెయింట్ పూస్తే అతుక్కుంటుందన్నారు, నిజమేనా? పైన కొత్త ఫిల్మ్ ఉంది కదా, ఎలా పూయాలి?

కారు ఎలక్ట్రికల్ పని చేసే సభ్యుడు:
పెయింట్ పనిచేస్తుంది, కానీ అది గీతకి నేరుగా తగలాలి. ఫిల్మ్ మీద పూస్తే దండగ. ఫిల్మ్ వేయకముందు చూసుకుని ఉండాల్సింది, ఆ మాట చెప్పకపోవడం నా తప్పే. ఒక్క డీఫాగర్ గీత కోసం కొత్త ఫిల్మ్‌ని కదిలించకండి, మిగతావి పనిచేస్తున్నాయి కదా. ఇంకెప్పుడైనా ఫిల్మ్ తీయాల్సి వస్తే అప్పుడు తెగిన చోట రెండు వైపులా టేపు అంటించి, మధ్యలో సన్నగా పూసి, డబ్బా మీద రాసినంత సేపు ఆరనిచ్చాకే డీఫాగర్ వేయండి.

మరో సభ్యురాలు:
మాది డ్యాష్‌క్యామ్ చార్జరే! మార్చగానే శబ్దం ఆగిపోయింది. పాపం ఆ ఫిల్మ్ అబ్బాయిని వారం నుంచి తిట్టుకుంటున్నాను.