కోర్సు చేసొచ్చాక ఇంట్లో ధ్యానం నిలబడటం లేదు. సంసారులకు బుద్ధుడు ఏం చెప్పాడు?

మియాపూర్ నాన్న:
అందరికీ నమస్కారం. రెండు నెలల క్రితం సాగర్ రోడ్డులోని ధమ్మఖేత్త కేంద్రంలో 10 రోజుల విపశ్యన ధ్యానం కోర్సు చేశాను. వచ్చిన కొత్తలో చెప్పినట్టే పొద్దున గంట, సాయంత్రం గంట కూర్చున్నాను. ఇప్పుడు పొద్దున కూర్చుంటే ఐదు నిమిషాల్లో తల వాలిపోతోంది. ఆఫీసుకు మెట్రోలో మియాపూర్ నుంచి అమీర్‌పేట, అక్కడ మారి రాయదుర్గం, మళ్ళీ అదే దారిలో వెనక్కి. ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర. ఇంట్లో ఐదేళ్ళ పాప, రెండేళ్ళ బాబు. తలుపేసుకుని కూర్చుంటే బాబు తలుపు కింది సందులోంచి వేళ్ళు దూర్చి "నానా, నానా" అంటాడు. మూడు రోజుల క్రితం విసుగొచ్చి గట్టిగా అరిచాను. వాడు ఠక్కున వేళ్ళు వెనక్కి లాక్కున్నాడు. అప్పట్నుంచి కూర్చోలేదు. ఇది మనలాంటి సంసారులకు కుదిరే పనేనా, లేక భిక్షువులకేనా?

సైనిక్‌పురి తాతయ్య:
బాబూ, నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. ముందు నిద్ర సంగతి చెప్తాను, అది తేలిక. బుద్ధుడి ముఖ్య శిష్యుడు మొగ్గల్లానుడంతటివాడే మగధలోని ఒక పల్లెలో కూర్చుని కునికిపాట్లు పడ్డాడు. బుద్ధుడు వచ్చి వరసగా ఉపాయాలు చెప్పాడు. చెవులు లాక్కో, ఒళ్ళు రుద్దుకో, లేచి కళ్ళు కడుక్కుని నక్షత్రాల వంక చూడు, అటూ ఇటూ నడువు అన్నాడు. ఏదీ పనిచేయకపోతే, మళ్ళీ లేవాలన్న తలంపు మనసులో పెట్టుకుని కుడిపక్కకు తిరిగి పడుకో అన్నాడు. ఆ చివరి మాట గమనించు. పసివాడున్న ఇంట్లో నీకు ముందు కావలసింది నిద్రేనేమో.

ఇక భిక్షువులకేనా అన్నావు. నువ్వు చేసిన ఈ కోర్సులు మొదలుపెట్టిన గోయెంకా గారికి ఈ పద్ధతి నేర్పిన ఊ బా ఖిన్ భిక్షువు కాదు, సంసారి. 1948లో బర్మాకు స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఆ దేశానికి మొదటి అకౌంటెంట్ జనరల్. ఆఫీసులోనే ధ్యానానికి చోటు చేసి సిబ్బందికి నేర్పాడు. లెడ్జర్ల మధ్య బతికినవాణ్ణి, ఆ సంగతి తెలిసినప్పుడు నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

అధిష్ఠానం:
పొద్దున గంట, సాయంత్రం గంట అంటే గంటే. నాలుగింటికి లేవండి, అంతే. ఒకసారి తగ్గించడం మొదలుపెడితే మిగిలేది ఏమీ ఉండదు.

కొత్తపేట అక్క:
నాలుగింటికి లేవాలంటే ఎప్పుడు పండుకోవాలె అన్నా? అందరి ఇండ్లు ఒక్క తీరు ఉండయి.

తమ్ముడూ, నేను కొత్తపేటల కర్రీ పాయింట్ నడుపుత. పొద్దున ఐదింటికి కూరగాయలకు పోత, పదకొండింటికల్లా తొమ్మిది రకాలు తయారుండాలె. నేను కూసునేది పొద్దున అరగంట, రాత్రి అరగంట. 12 ఏండ్ల సంది ఇంతే. మొదట్ల నేను గూడ నీ లెక్కనే టైము కోసం ఇంట్ల అందరితోటి కొట్లాడిన. తర్వాత తెలిసింది, కూసున్న అరగంట ఎట్ల గడుస్తదన్నది మిగతా రోజు చేతుల ఉంటదని.

ఒకరోజు రాత్రి ఎనిమిదింటికి ఒక పెద్దమనిషి వచ్చి ములక్కాయ టమాట అడిగిండు. అది పగటిది, మళ్ళ వేడి చేసి పెట్టిన. "ఇప్పుడు చేసిందేనా అమ్మా, ఇంట్ల ఆమెకు పాణం బాగలేదు" అన్నడు. "ఇప్పుడే దించిన" అన్న. కవర్ల పోసి, మూతి మెలిపెట్టి, రబ్బర్ బ్యాండ్ మూడు చుట్లు చుట్టి ఇచ్చిన. ఆ రాత్రి కూసుంటే శ్వాస చేతికి దొరకలే. కండ్లు మూస్తే ఆ రబ్బర్ బ్యాండ్ చుట్టుతున్న నా వేళ్ళే.

మా ఆదివారం జట్టుల ఒకామె అంగుత్తర నికాయం, అంటే బుద్ధుని మాటలున్న పుస్తకం, చదివి చెప్తే అప్పుడు అర్థమైంది. శీలం, అంటే మంచి నడవడి, దేనికని శిష్యుడు ఆనందుడు అడిగితే, పశ్చాత్తాపం లేకుండ ఉండెటందుకు అన్నడట బుద్ధుడు. పశ్చాత్తాపం లేనోనికి సంతోషం పుడుతది, దాంతోటి ప్రీతి, ప్రీతితోటి ఒళ్ళు నిమ్మళమైతది, అప్పుడు సుఖం, సుఖంగ ఉన్న మనసు తనంతట తనే కుదురుతది. కుదరాలె, కుదరాలె అని పట్టువట్టే పని లేదట. నేను పంచశీలాలంటే, అబద్ధమాడొద్దు, దొంగతనం చెయ్యొద్దు లాంటి ఐదు, కోర్సుల ఉన్న 10 రోజుల నియమమనుకున్న. కాదు, నా దుకాణంల గరిటె కాడ మొదలైతది. ఇప్పుడు పగటి కూర మిగిలితే గిన్నె మూత మీద సుద్దతోని "పగటిది" అని రాస్త, పది రూపాయలు తక్కువ తీసుకుంట. కొందరు వాపస్ పోతరు, పోనీ.

నువ్వు మూడు రోజుల సంది కూసుంటలేవంటే టైము లేక కాదు. ఆ వేళ్ళు యాదికొస్తున్నయి. ముందు పోయి బాబు పక్కన కూసో.

ఇంకోటి. బుద్ధుడు ధ్యానం గురించి చెప్పిన సతిపట్ఠాన సుత్తంల శ్వాస ఒక్కటే లేదు. నడుస్తుంటే, అటిటు చూస్తుంటే, చెయ్యి ముడుస్తుంటే, చాపుతుంటే, తింటుంటే, ఆఖరికి దొడ్డికి పోతున్నా ఎరుకతోటి ఉండమన్నడు. పోపుల ఆవాలు వేసెటప్పుడు చెయ్యి చాపుతున్నట్టు నాకు తెలుస్తది, పక్కకు చూసిన్ననుకో, మాడుతయి. నీకు అమీర్‌పేట మెట్లున్నయి. ఫోన్ జేబుల పెట్టి, కాలు లేస్తున్నది, పడుతున్నది, అది చూసుకుంట ఎక్కు.

మియాపూర్ నాన్న:
అక్కా, మీ మాట చదివి రాత్రి వాడి దగ్గరికి వెళ్ళాను. అన్నీ మర్చిపోయాడు, బొమ్మ బస్సు తెచ్చి చేతిలో పెట్టాడు. నేనే మర్చిపోలేదు. ఒక్క సందేహం. తలుపు తీసి ఉంచి, వాడు ఒళ్ళోకి వచ్చినా కదలకుండా కూర్చుంటే అది ధ్యానం కిందికి వస్తుందా?

సైనిక్‌పురి తాతయ్య:
వస్తుంది బాబూ. శాక్య మహానాముడని బుద్ధుణ్ణి నమ్మిన ఒక సంసారి, జబ్బు నుంచి అప్పుడే కోలుకుని ఇదే అడిగాడు, రకరకాల పనుల్లో ఉండే మేం ఎలా బతకాలని. బుద్ధుడు ఆరు అనుస్మృతులు, అంటే మనసులో గుర్తుచేసుకోవలసినవి, చెప్పాడు. వాటిలో నీ శీలం, నువ్వు చేసిన త్యాగం గుర్తుచేసుకోవడం కూడా ఉన్నాయి. వాటిని నడుస్తూ, నిలబడి, కూర్చుని, పడుకుని, పని చేయిస్తూ, "పుత్తసంబాధసయనం" అంటే పిల్లలతో కిక్కిరిసిన ఇంట్లో ఉంటూ కూడా సాధన చెయ్యమన్నాడు. మీ ఇల్లు ఆ సుత్తంలోనే ఉంది.

కొత్తపేట అక్క:
తాతయ్య మంచిగ చెప్పిండు. తమ్ముడూ, ఒక్కనివే చేస్తే మళ్ళ ఆగుతది. మంచి స్నేహం ధర్మంల సగమని ఆనందుడంటే, సగం కాదు, మొత్తం అదే అన్నడు బుద్ధుడు. ఆదివారం పొద్దున మేం ఏడుగురం పాత సాధకులం కలిసి గంట కూసుంటం. దుకాణం ఆ రోజు లేటుగ తెరుస్త. మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్‌కు రైలు మారే పని గూడ లేదు. ఈ వారం రా, బాబును గూడ తీసుకొనిరా, మా కోడలు చూసుకుంటది.