నాటల్ వెళ్లిన మనవాళ్లు ఎలా బతికారో ఏ కాగితాల్లో వెతకాలి?

ప్రశ్న: ఎంఏ విద్యార్థి, విశాఖ

ఉత్తరాంధ్ర నుంచి ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నాటల్‌ వెళ్లినవాళ్ల మీద ప్రాజెక్టు చేస్తున్నాను. వాళ్లలో చాలామందికి చదువు రాదు. దొరికేవన్నీ దొరల కాగితాలే. వాటితో ఆ మనుషులు ఏం తిన్నారో, దేనికి భయపడ్డారో ఎలా రాయను? గడువు దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: రిటైర్డ్ చరిత్ర లెక్చరర్, శ్రీకాకుళం

బాబూ, ముందు ఓడల జాబితాలు తెరువు. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది మొదలు 1911 దాకా మన దేశం నుంచి మొత్తం లక్షా 52 వేల మంది వెళ్లారు. ఒక్కొక్కరికీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటి మీది మచ్చలు రాశారు. పారిపోతే పట్టుకోవడానికి పనికొచ్చిన ఆ వివరాలే ఇవాళ మనకు ఆధారం. అక్కడ ఇప్పటికీ అప్పల్సామి, అప్పల్‌రాజు అనే ఇంటిపేర్లున్నాయి. అవి మొదటిసారి చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. సింహాచలం అప్పన్న పేరు సముద్రం దాటి ఇంటిపేరైపోయింది.

తిండి సంగతి ఒప్పందంలో ఉంటుంది: బియ్యం, పప్పు, ఉప్పు, ఎండుచేపలు. కూలి మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగులు, తర్వాత ఏటా ఒక షిల్లింగు పెంపు. ఆడవాళ్లకు అందులో సగం. కానీ అది ఇస్తామన్నదే. ఇచ్చిందేమిటో తెలియాలంటే కూలీల బాగోగులు చూసే ప్రొటెక్టర్ అనే అధికారికి వెళ్లిన ఫిర్యాదులు చదవాలి. ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. జ్వరంతో లేవలేని మనిషి దేనికి భయపడి ఉంటాడో అక్కడ తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త. కూలీ తన భాషలో చెప్పింది దుబాసీ నోట మారి, గుమాస్తా ఇంగ్లీషులో మళ్లీ మారింది. అందుకే మాటతో పాటు నడవడిక కూడా చూడు. 1894లో బాలసుందరం అనే తమిళ కూలీ ముందుపళ్లు విరిగి, నోట రక్తంతో గాంధీ దగ్గరికి వెళ్లాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తెల్లవాళ్ల ముందు అలా నిలబడాలని అలవాటు చేశారు. ఆ చేతిలోని తలగుడ్డ ఎన్ని నివేదికలు చెప్పనిది చెబుతుందో చూడు!

జవాబు: డర్బన్‌లో ఉంటున్న తెలుగువాడు

మేడమ్ చెప్పినవాటికి ఒకటి కలుపుతాను. ఇక్కడి పెద్దవాళ్లను ‘మీ చరిత్ర చెప్పండి’ అంటే మాట రాదు. ‘చావింట్లో ఏం వండేవారు, పెళ్లిలో ఎవరు పాడేవారు’ అని అడిగితే రెండు గంటలు ఆగరు. తెలుగు మర్చిపోయినా వంటింటి మాటలు కొన్ని ఉంటాయి, రాసుకోండి.

ప్రశ్న అడిగినవారు

మేడమ్, అన్ని ఓడలూ చూడాలా?

శ్రీకాకుళం లెక్చరర్

వద్దు. ఒక్క ఓడ పట్టుకో. అందులో మన జిల్లాలవాళ్లను ఏరి, వాళ్లు ఏ తోటలో పనికి వెళ్లారో చూసి, ఆ తోట ఫిర్యాదులు చదువు. పేర్లు మాత్రం పైకి చదువుకో బాబూ. గుమాస్తా రాసిన స్పెల్లింగు వెనక అసలు పేరు చెవికే దొరుకుతుంది.