సమస్య: తండ్రి పాలు త్రాగి తనయుఁ డెదిగె

మోడరేటర్: ఈ వారం పాదం ఇదీ. మా వంటింటి కిటికీ పక్క ఏసీ బాక్సు మీద చూసిన దృశ్యంతో తట్టింది. ఏం చూశానో ఇప్పుడే చెప్పను. దీన్ని చివరి పాదంగా పెట్టి రాసే పూరణలో ఇంటిని ఆశ్రయించిన పిట్ట ఉండాలి, అంతే నియమం.

రేపల్లె మాస్టారు: ఇదిగో నాది.

తీగకొసన గూడు తేనెపిట్టది వేలె
పూలతేనెఁ దెచ్చి పోయఁ దండ్రి
తల్లిపాలు తీరె, తన వంతు చాలక
తండ్రి పాలు త్రాగి తనయుఁ డెదిగె

పాలంటే వాటా. మా వరండాలో బట్టలు ఆరేసే తీగకి ఇప్పుడూ ఒక గూడు వేలాడుతోంది.

ఓరుగల్లు: మూడో పాదం బాగుంది మాస్టారూ. 'తల్లిపాలు తీరె' అన్నచోట రెండర్థాలూ పలికాయి. కానీ పాలంటే వాటా అన్న విరుపు మనం చాలాసార్లు చూసిందే. పైగా తేనెపిట్ట తను తేనె తాగినా పిల్లలకి ముఖ్యంగా పెట్టేది సాలీళ్లు, చిన్న పురుగులు. మాంసకృత్తులు లేనిదే పిల్లకి ఈకలు రావు.

రేపల్లె మాస్టారు: ఉగాది సమస్యకి ఆడ గిజిగాడు గూడల్లిందని రాసింది మీరే కదండీ? అల్లేది మగది. సగం అల్లాక ఆడది వచ్చి చూసి, నచ్చితేనే కాపురం. అప్పుడు నేను ఊరుకున్నాను.

ఓరుగల్లు: ఊరుకోలేదు, అప్పుడూ నాలుగుసార్లు అన్నారు. ఒప్పుకుని దిద్దుకున్నాను కూడా. తేనెపిట్టల్లో గూడు కట్టేది ఆడదే, అందుకే తడబడ్డాను.

భీమిలి: మోడరేటర్ గారు చూసిందేమిటో నాకు అర్థమైంది. మా పిట్టగోడ మీద నేనూ చూశాను.

గోడమీద గువ్వ గుడ్లు రెండును బెట్టె
ఎండఁ దండ్రి పొదిగె, నిరులఁ దల్లి
ముక్కులోన ముక్కు మోపి మోపి దినమ్ము
తండ్రి పాలు త్రాగి తనయుఁ డెదిగె

ఇందులో శ్లేష లేదు, అక్షరాలా నిజం. గువ్వలకీ పావురాలకీ మెడకింద గింజల సంచి ఉంటుంది. పిల్లలు బయటికొచ్చే వేళకి దాని లోపలి పొరలో పాలు తయారవుతాయి. తల్లికీ తండ్రికీ కూడా. మొదటి కొద్దిరోజులూ పిల్లలకి అవే ఆహారం.

ఓరుగల్లు: రెండో పాదానికి దణ్ణం. 'రెండును'లో 'ను' మాత్రం గణం కోసం వచ్చి కూర్చుంది. ఒక సందేహం. గువ్వల్లో ఆడా మగా ఒకేలా ఉంటాయి కదా, పగలు కూర్చున్నది తండ్రేనని ఎలా తెలిసింది?

భీమిలి: ఒకదానికి ఎడమకాలి గోరు ఒకటి ఊడిపోయింది. గూడు కట్టకముందు మెడ ఉబ్బించి, వంగి వంగి కూస్తూ రెండోదాని వెంటపడింది అదే. పొద్దున తొమ్మిది దాటాక వచ్చి కూర్చుంటే సాయంత్రం నాలుగు దాకా కదిలేది కాదు. పిల్ల తల మొత్తం దాని నోట్లోకి దూర్చేది, ఇద్దరి మెడలూ కలిసి ఊగేవి. ఒకరోజు పిల్ల ముక్కు చివర జున్నులాంటి తెల్లటి తునక అంటుకుని కనిపించింది.

డాలస్ కోడలు: అయ్యో, నేనూ ఇదే రాసి పెట్టుకున్నాను. ఇక్కడ మోర్నింగ్ డవ్ అనే గువ్వ మా పోర్చి దీపం మీద గూడు పెట్టింది. దానికి టెన్షన్ ఎందుకని నెల రోజులు మేం గ్యారేజీ తలుపే వాడాం.

పోర్చి దీపమందు పుట్టిన గూటిలో
ఆలుమగలు వంతు లమరఁ గాచి
గొంతుసంచిలోంచి గుక్కెడు పాలు పోసె
తండ్రి పాలు త్రాగి తనయుఁ డెదిగె

రేపల్లె మాస్టారు: అమ్మా, 'వంతు లమర' చక్కగా కుదిరింది. మూడో పాదం చివర మాత్రం గణం మించింది. 'గుక్కెడు పోయఁగా' అనండి. పాలు ఎలాగూ కింది పాదంలో వస్తున్నాయి. 'లోంచి' వాడుకమాటే అయినా నాకు అభ్యంతరం లేదు.

ఓరుగల్లు: 'లోంచి'ని మాస్టారు వదిలేశారు! నా పద్యంలో 'మీంచి' అన్నందుకు పోయినేడు రెండు రోజుల చర్చ నడిపారు.

డాలస్ కోడలు: దిద్దుకున్నాను మాస్టారూ. చదువుతుంటే ఇప్పుడు గొంతు తడబడడం లేదు.

మోడరేటర్: నేను చూసిందీ భీమిలి గారు చూసిందే. పులికాట్‌కి వచ్చే ఫ్లెమింగోల్లోనూ తల్లిదండ్రులిద్దరూ పిల్లకి ఇలాగే పాలు పడతాయి. వాటి పాలు ఎర్రగా ఉంటాయి. ఇంటి మీద గూడు పెట్టవు కాబట్టి ఇక్కడ లెక్కలోకి రావు. భీమిలి గారి పూరణే ఈ వారం మేటి. మాస్టారూ, మీ పద్యం దిద్దుతారా?

రేపల్లె మాస్టారు: తేనె తీసి సాలీడు పెడితే 'త్రాగి' నిలవదు. పొద్దున వరండాలో కుర్చీ వేసుకుని గంటసేపు కూర్చున్నాను. తొమ్మిదిసార్లు వచ్చాయి, అందులో మగది మూడుసార్లు. ఎనిమిదిసార్లు ముక్కున పురుగో సాలీడో స్పష్టంగా కనిపించింది. ఓరుగల్లు వారి మాటే నిజం. తొమ్మిదోసారి వచ్చింది మగదే. ముక్కున ఏమీ లేదు, అయినా పిల్ల నోరు తెరిచింది, అది ముక్కు లోపల పెట్టింది. రేపు మళ్లీ కూర్చుంటాను. అందాకా పద్యం అలాగే ఉండనివ్వండి.