పఠాన్‌కోట్, 1965: ఫొటోలోని విమానం నాటా, మిస్టేరా?

మాది గుంటూరు. మా తాతయ్య వైమానిక దళంలో మెకానిక్‌గా చేశారు. ఇంట్లో ఉన్న ఆయన ఫొటో వెనక పెన్సిల్‌తో ‘పఠాన్‌కోట్, సెప్టెంబర్ 1965’ అని రాసి ఉంది. అది పాకిస్తాన్‌తో యుద్ధం జరిగిన నెల. ఆ నెల 3న మన పైలట్ ట్రెవర్ కీలర్ చిన్న నాట్ యుద్ధ విమానంలో పాకిస్తాన్ సేబర్ యుద్ధ విమానాలతో తలపడి వీర చక్ర అందుకున్నారు. 6న పఠాన్‌కోట్ వైమానిక స్థావరం మీదే దాడి జరిగి, నేల మీదున్న మన విమానాలు కాలిపోయాయి. అలాంటి రోజుల్లో తాతయ్య ఏ విమానం చూసుకున్నారో తెలుసుకుని ఫ్రేమ్ కింద సరిగ్గా రాయించాలని మా కోరిక.

అక్కడ నాట్‌లూ, మిస్టేర్ అనే ఇంకో రకం యుద్ధ విమానాలూ రెండూ ఉండేవి. మిస్టేర్‌లో ఇంజిన్‌కి గాలి ముక్కులోంచి వెళ్తుంది, నాట్‌కి రెండు పక్కల నుంచి. ఫొటోలో ముక్కు, తోక రెండూ కట్ అయ్యాయి; పక్కభాగానికి సరిగ్గా తాతయ్యే అడ్డం నిలబడ్డారు. కాక్‌పిట్ అంచు ఆయన భుజాల ఎత్తులో ఉంది.

1200 డీపీఐలో స్కాన్ చేసి కాంట్రాస్ట్ పెంచినా నంబర్ కనబడలేదు. బ్రాడీపేటలో స్టూడియో ఆయన ప్రింట్‌లోనే అంతకన్నా లేదన్నారు. తెలిసిన రిటైర్డ్ ఎయిర్‌మన్‌లలో ఒకరు నాట్ అంటే ఇంకొకరు మిస్టేర్ అన్నారు.

కాక్‌పిట్ భాగం ఒక్కటే చూసి ఈ రెంటినీ ఏ గుర్తుతో విడదీయొచ్చు?