హౌరా వంతెన కట్టిన కంపెనీల పాత మస్టర్లు (కూలీల హాజరు పుస్తకాలు) ఎక్కడైనా ఉన్నాయా?

అందరికీ నమస్కారం. మా తాతయ్యది శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు. కుర్రతనంలో కలకత్తా వెళ్లి హౌరా వంతెన పనిలో రివెట్లు కొట్టారని నాన్న చెప్పేవారు. నట్లూ బోల్టులూ లేకుండా రివెట్లతోనే బిగించి, 1943లో తెరిచిన వంతెన అది. కట్టింది బ్రైత్‌వెయిట్, బర్న్, జెస్సప్ అనే మూడు పాత ఇంజినీరింగ్ కంపెనీలు కలిసి పెట్టిన బీబీజే. బర్న్, జెస్సప్‌లైతే 18వ శతాబ్దం నాటివి!

మా దగ్గర మిగిలింది ఒక్క ఇత్తడి బిళ్ల. పైన తాడు కట్టుకునే చిల్లు, మధ్యలో 417 అంకె. చుట్టూ ఉన్న పేరు అరిగిపోయింది. ఇలాంటి బిళ్లను చూసి ఏ కంపెనీదో చెప్పగలరా? అప్పటి కూలీల మస్టర్లు ఎవరి దగ్గరైనా ఉన్నాయా? చింతపండుతో తోమితే ఉన్న అక్షరాలు కూడా పోతాయని అమ్మను ఆపి పెట్టాను. తెలిసినవారు దయచేసి చెప్పండి.