ఆసుపత్రి గెజిట్ పాత సంచికలు: అతుక్కున్న పేజీలు విడదీయడం ఎలా?

లంక చదువరి:
అమలాపురం దగ్గర ఊరి గ్రంథాలయం అటక మీద నాలుగు సంచికలు దొరికాయండి. మొదటి ప్రపంచయుద్ధం నాటి పత్రిక, లండన్ వాండ్స్‌వర్త్‌లోని మూడో లండన్ జనరల్ ఆసుపత్రి గెజిట్. రెండింటికి అట్టల్లేవు. పిన్నులు తుప్పు పట్టాయి. బొమ్మలున్న నున్నటి పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆవిరి పట్టొచ్చా? ఇవి అసలు ప్రతులేనా, ఏ ఏటివో ఎలా తెలుస్తుంది?

గట్టు మీద:
ఆవిరి మాత్రం వద్దండి బాబూ. ఆ నున్నటిది ఆర్ట్ పేపర్. దాని మీద సుద్దమట్టి, జిగురు కలిపిన పూత ఉంటుంది. చెమ్మ తగిలితే జిగురు మెత్తబడి, ఆరేటప్పుడు పక్క పేజీని పట్టేస్తుంది. ఆవిరి పడితే పేజీ విడుతుంది గానీ బొమ్మ అవతలి పేజీతో పోతుంది. అంచు మొద్దు చేసిన పల్చటి వెదురు బద్దని ఓ మూల నుంచి పొడిగానే జొనిపి చూడండి. పూత పొట్టులా లేచిందా, అక్కడే ఆపెయ్యండి. ఆ పైన కాగితాల మరమ్మతు తెలిసినవాళ్ల పని.

వరదకి తడిసి ఇంకా ఆరని పుస్తకం సంగతి వేరు. దాన్ని ఆరనివ్వకూడదు. జిప్ కవర్లో పెట్టి మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్లో పడెయ్యాలి, ఐస్‌క్రీం కొట్టుదైనా సరే.

అచ్చు పిచ్చి:
పదింతల భూతద్దంతో అక్షరం చూడండి. లెటర్‌ప్రెస్ (అచ్చు అక్షరాలకు సిరా పూసి కాగితం మీద ఒత్తే పద్ధతి) అయితే అంచుల్లో సిరా గట్టుకట్టి ఉంటుంది, కాగితం వెనక వేలికి ఒత్తు తెలుస్తుంది. జిరాక్స్ అయితే అక్షరం చుట్టూ పొడి చుక్కలు చెదిరి ఉంటాయి.

గెజిట్ మొదలైంది 1915 అక్టోబరులో. ముఖం చెదిరిన సైనికులకు శిల్పి డెర్వెంట్ వుడ్ పల్చటి రాగిరేకు తొడుగులు చేసిన విభాగం 1916లో వచ్చింది, కాబట్టి దాని ఊసుంటే ఆ తర్వాతిదే. బొమ్మలు బాగున్నాయని అన్నీ రోగులు గీశారనుకోకండి: అక్కడి ఆర్డర్లీల్లో (రోగులకు సాయంచేసే ఆసుపత్రి సిబ్బంది) చాలామంది చెల్సీ ఆర్ట్స్ క్లబ్ చిత్రకారులు. సంపాదకుడు వార్డ్ మ్యూర్ కూడా ఆర్డర్లీయే. రోగి సంపాదకుడుగా ఉన్న పత్రిక కావాలంటే ఎడిన్‌బరో క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రి ‘హైడ్రా’ చూడాలి. 1917లో కొన్ని సంచికలకు అక్కడ రోగిగా ఉన్న కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ సంపాదకుడుగా ఉన్నాడు.

బీరువా తాళం:
పిన్ను లాగకండి, తుప్పుతో పాటు కాగితమూ ఊడొస్తుంది. నడిమి పేజీ తెరిచి, కాళ్ల కింద ప్లాస్టిక్ రేకు దోపి, ఒక్కో కాలూ నిలబెట్టాక వెనక నుంచి తియ్యండి. పాత చిల్లుల్లోంచే తెల్ల నూలుదారంతో కుట్టండి. బిగించేటప్పుడు దారం మడత వెంట లాగాలి. పైకి లాగితే చిల్లు చీలుతుంది. సెల్లోటేపు, లామినేషన్ రెండూ వద్దు.

కలరా ఉండలు బూజుని ఆపవు. మూత బిగిసే 20 లీటర్ల డబ్బాలో సంచికలతో పాటు తేమ పీల్చే సిలికా జెల్ గుళికలు 200 గ్రాములు, తేమ కొలిచే ఓ చిన్న హైగ్రోమీటరు పెట్టండి. తేమ 45–55 శాతం మధ్య ఉండాలి. 65 దాటితే బూజు. జెల్ నీలం గుళికలు గులాబీ రంగుకి తిరిగితే ఓవెన్లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టండి. మన వైపు శ్రావణ భాద్రపదాల్లో డబ్బా ఊరికే తెరవకండి, పనంతా మాఘంలో పెట్టుకోండి.

అచ్చు పిచ్చి:
స్కాన్ 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) చెయ్యండి, 300లో ఫొటోల చుక్కలు గళ్లుగళ్లుగా వస్తాయి. ప్రకటనల పేజీలూ వదలొద్దు. అట్టల్లేని ఆ రెండింటికీ తేదీ అక్కడ దొరకొచ్చు.